ఎస్ట్రాడయోల్, టామాక్సిఫెన్ రెండూ కూర్చునేది ఒకే పాకెట్‌లో, మరి ఒకటి ఆన్, ఒకటి ఆఫ్ ఎందుకు?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. న్యూక్లియర్ రిసెప్టర్ డొమైన్ల బొమ్మ ఏ నుంచి ఎఫ్ దాకా బట్టీ పట్టేశా. కానీ ఎస్ట్రాడయోల్, టామాక్సిఫెన్ రెండూ ఒకే చోట అతుక్కుంటే ఒకటి జీన్‌ని ఆన్ చేయడం, ఇంకోటి ఆపేయడం ఎలా? తాళం, తాళంచెవి అనుకుంటే లెక్క కుదరట్లేదు. ఇంకోటి, ప్రాజెక్ట్‌కి డీఎన్‌ఏ బైండింగ్ డొమైన్ ప్యూరిఫై చేయమన్నారు, జాగ్రత్తలు చెప్పగలరా?

జవాబు:

తాళంచెవి లెక్క కుదరదండి, ఎందుకంటే ఆ లెక్కలో చూసేదంతా పాకెట్ లోపలే, అంటే అణువు వెళ్లి కూర్చునే గుంట లోపలే. ఎస్ట్రాడయోల్ ఒంట్లోని ఈస్ట్రోజెన్ హార్మోన్, టామాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్ మందు, రెండూ కూర్చునేది ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో; హార్మోన్ లాంటి అణువులని పట్టుకుని జీన్లని నడిపించే ఇలాంటి ప్రొటీన్లే న్యూక్లియర్ రిసెప్టర్లు. ఈ ప్రొటీన్ల విషయంలో అసలు సంగతి పాకెట్ లోపల కాదు, బయట జరుగుతుంది. లోపల ఏది కూర్చుందన్న దాన్నిబట్టి ప్రొటీన్ చివర్లో ఉన్న ఒక చిన్న హెలిక్స్ (స్ప్రింగ్‌లా చుట్టుకున్న ముక్క) ఎక్కడ వాలుతుందో మారుతుంది, అది ఎక్కడ వాలిందన్న దాన్నిబట్టి బయటి ఉపరితలం మారుతుంది, ఆ ఉపరితలాన్ని చూసి వేరే ప్రొటీన్లు వచ్చి అతుక్కుంటాయి లేదా అతుక్కోవు. అంతే మొత్తం కథ. మిగతాదంతా వివరం, కానీ ఆ వివరంలోనే మజా ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు మీ డొమైన్ బొమ్మ సంగతి తొందరగా చూసేద్దాం. మనిషి జీనోమ్‌లో ఈ కుటుంబం జీన్లు 48. ఈస్ట్రోజెన్, కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి, రెటినోయిక్ యాసిడ్, వీటన్నిటి రిసెప్టర్లూ ఇందులోవే, ఇంకా లిగాండ్ (పాకెట్‌లో కూర్చునే అణువు) ఏంటో తేలని ఆర్ఫన్లు కూడా ఉన్నాయి. ఉదాహరణకి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫా తీసుకుంటే 595 అమినో యాసిడ్లు, సుమారు 66 కిలోడాల్టన్లు. ముందు ఏ/బి భాగం, దానికి స్థిరమైన ఆకారం అంటూ ఉండదు, అందుకే ఆల్ఫాఫోల్డ్‌లో తెరిచి చూస్తే ఆ ముక్క నూడుల్స్‌లా ఉండి కాన్ఫిడెన్స్ తక్కువని చూపిస్తుంది, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఆ ముక్క నిజంగానే అలా ఉంటుంది. తర్వాత సి అంటే డీఎన్‌ఏ పట్టుకునేది, డి అంటే మధ్యలో హింజ్, ఈ అంటే లిగాండ్ పట్టుకునేది, ఎఫ్ అన్నది కొన్నిటికి ఉంటుంది కొన్నిటికి ఉండదు. డాక్స్-1, ఎస్‌హెచ్‌పి అనే రెండిటికైతే మామూలు డీఎన్‌ఏ బైండింగ్ డొమైనే లేదు, అయినా కుటుంబంలోవే.

డీఎన్‌ఏ పట్టుకునే ముక్క చిన్నది, 70 అమినో యాసిడ్ల లోపే. ఇందులో ఎనిమిది సిస్టీన్లు ఏ రిసెప్టర్‌లో చూసినా అదే చోట ఉంటాయి, నాలుగు సిస్టీన్లు ఒక జింక్ అయాన్‌ని, ఇంకో నాలుగు ఇంకో జింక్‌ని పట్టుకుంటాయి. జింక్ ఫింగర్ అన్న పేరు చూసి దీన్ని టీఎఫ్-3ఏ రకంతో కలిపేయకండి, అక్కడ రెండు సిస్టీన్లు రెండు హిస్టిడిన్లు, ప్రతి ఫింగర్ విడిగా నిలబడుతుంది. ఇక్కడ రెండూ ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఒకే ముద్దగా ఉంటాయి. మొదటి జింక్ దగ్గర మొదలయ్యే హెలిక్స్ డీఎన్‌ఏ మేజర్ గ్రూవ్‌లోకి వెళ్లి బేస్‌లని చదువుతుంది, రెండో జింక్ దగ్గరి డి-బాక్స్ అనే లూప్ పక్కనున్న ఇంకో రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. 1991లో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ డీఎన్‌ఏ మీద కూర్చున్న క్రిస్టల్ స్ట్రక్చర్ వచ్చినప్పుడు ఇదంతా కంటికి కనపడింది, 1993లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ది కూడా వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చేది పి-బాక్స్ సంగతి, అంటే ఆ హెలిక్స్‌లో బేస్‌లని గుర్తుపట్టే చిన్న ముక్క. జంటలో ఒక్కో రిసెప్టర్ చదివే డీఎన్‌ఏ ముక్కని సగం సైట్ అంటారు, ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ది ఏజీజీటీసీఏ, గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ది ఏజీఏఏసీఏ, ఈ రెండిట్లో దేనికైనా తన సగం సైట్లు రెండు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా, మధ్యలో మూడు బేస్‌ల ఖాళీతో ఉంటాయి. ఆ చదివే హెలిక్స్‌లో తేడా చేసేవి మూడే మూడు అమినో యాసిడ్లు, ఈస్ట్రోజెన్ వైపు గ్లూటమేట్, గ్లైసిన్, అలనిన్, అటువైపు గ్లైసిన్, సెరిన్, వాలిన్. 1980ల చివర్లో వీటిని మార్చి చూస్తే ఒకదాని సైట్ ఇంకోటి గుర్తుపట్టింది. అంత పెద్ద ప్రొటీన్‌కి అడ్రస్ మారడానికి మూడు అక్షరాలు చాలు! అయితే ఇక్కడ ఒక చిక్కుంది, ప్రొజెస్టెరాన్, ఆండ్రోజెన్, మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్లకి కూడా గ్లూకోకార్టికాయిడ్ సైటే. అంటే ఏ కణంలో ఏ జీన్ కదులుతుందన్నది ఈ హెలిక్స్ ఒక్కటే తేల్చదు, క్రొమాటిన్, అంటే ప్రొటీన్లకి చుట్టుకున్న డీఎన్‌ఏ, ఎక్కడ తెరిచి ఉంది, పక్కన ఎవరున్నారు అన్నదీ చూడాలి.

మన ఇళ్లల్లో ఎవరో ఒకరు వేసుకునే థైరాయిడ్ మాత్ర, వారానికోసారి పాలల్లో కలుపుకునే విటమిన్ డి సాచెట్, ఇవి పనిచేసే రిసెప్టర్లు మాత్రం తమలో తాము పెద్దగా జత కట్టవు, ఎక్కువగా ఆర్‌ఎక్స్‌ఆర్ అనే ఇంకో రిసెప్టర్‌తో జత కడతాయి. అక్కడ సగం సైట్లు ఎదురెదురుగా కాకుండా ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి, మధ్య ఖాళీయే గుర్తు. మూడు బేస్‌లైతే విటమిన్ డి, నాలుగైతే థైరాయిడ్, ఐదైతే రెటినోయిక్ యాసిడ్. ఒక్క బేస్ పెరిగితే రెండో ప్రొటీన్ డీఎన్‌ఏ చుట్టూ సుమారు 36 డిగ్రీలు తిరిగిపోతుంది కాబట్టి ఒకరికి అందే జోడీ ఇంకొకరికి అందదు. మూడు-నాలుగు-ఐదు రూల్ అని ఎగ్జామ్‌లో అడుగుతారు, కానీ దీనికి మినహాయింపులు చాలా ఉన్నాయని కూడా రాయండి.

సరే, ఇప్పుడు మీ అసలు ప్రశ్న. లిగాండ్ పట్టుకునే డొమైన్ సుమారు 250 అమినో యాసిడ్లు, దాదాపు మొత్తం ఆల్ఫా హెలిక్స్‌లే, లెక్కకి పన్నెండు, మూడు పొరలుగా పేర్చి ఉంటాయి, ఒక పక్కన చిన్న బీటా ముక్క. మధ్య పొరలో కింది సగంలో హెలిక్స్‌లు తక్కువ, ఆ ఖాళీయే పాకెట్. 1995లో మూడు స్ట్రక్చర్లు వచ్చాయి: లిగాండ్ లేని ఆర్‌ఎక్స్‌ఆర్ ఆల్ఫా, రెటినోయిక్ యాసిడ్‌తో ఉన్న ఆర్‌ఏఆర్ గామా, హార్మోన్‌తో ఉన్న థైరాయిడ్ రిసెప్టర్. ఖాళీ ఆర్‌ఎక్స్‌ఆర్‌లో పన్నెండో హెలిక్స్ బయటికి పొడుచుకొచ్చి ఉంది, లిగాండ్ ఉన్నవాటిలో లోపలికి ముడుచుకుని పాకెట్‌ని మూసేసింది. దీన్నిబట్టి లిగాండ్ లోపలికి రాగానే ఎలుకల బోను తలుపులా టప్పున పడుతుంది అని మోడల్ కట్టారు. బొమ్మ గీయడానికి బాగుంటుంది, టెక్స్ట్‌బుక్స్‌లో ఇప్పటికీ అదే ఉంది, కానీ నా లెక్కలో ఈ మోడల్‌కి ఎప్పుడో రిటైర్‌మెంట్ ఇవ్వాల్సింది. 1998లో వచ్చిన పీపీఏఆర్ గామా అనే ఇంకో రిసెప్టర్ స్ట్రక్చర్‌లో పాకెట్ ఖాళీగా ఉన్నా ఒక మాలిక్యూల్‌లో పన్నెండో హెలిక్స్ యాక్టివ్ చోటులోనే కూర్చుని ఉంది. తర్వాత ద్రావణంలో ఫ్లోరెసెన్స్ పెట్టి చూస్తే లిగాండ్ లేనప్పుడు ఆ హెలిక్స్ ఒక చోట స్థిరంగా ఉండదు, అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది అని తేలింది. అంటే లిగాండ్ చేసే పని తలుపు వేయడం కాదు, ఊగులాటలో ఉన్న వాటిల్లో ఒక భంగిమని నిలబెట్టడం.

ఇప్పుడు ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి వద్దాం. 1997లో ఎస్ట్రాడయోల్‌తో, రలాక్సిఫెన్ అనే టామాక్సిఫెన్ లాంటి మందుతో రెండు స్ట్రక్చర్లు వచ్చాయి, 1998లో డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌తో ఒకటి, 4-హైడ్రాక్సీటామాక్సిఫెన్‌తో ఒకటి. మీరు చూడాల్సినవి ఇవే. పాకెట్ సైజు సుమారు 450 క్యూబిక్ ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎస్ట్రాడయోల్ అందులో సగం కన్నా కొంచెం ఎక్కువే నింపుతుంది. ఒక చివర ఏ రింగ్ మీది హైడ్రాక్సిల్ గ్లూటమేట్ 353ని, ఆర్జినిన్ 394ని, ఒక నీటి అణువుని పట్టుకుంటుంది, ఇంకో చివర 17వ కార్బన్ హైడ్రాక్సిల్ హిస్టిడిన్ 524ని పట్టుకుంటుంది, మధ్యంతా నూనె జిడ్డు లాంటి హైడ్రోఫోబిక్ గోడలే. చాలామంది మిస్సయ్యే విషయం ఏంటంటే, ఇంత చేసినా ఎస్ట్రాడయోల్ పన్నెండో హెలిక్స్‌ని నేరుగా ముట్టుకోదు. పాకెట్ సర్దుకుంటే, ఆ సర్దుబాటు మీద పన్నెండు వచ్చి 3, 5, 11 హెలిక్స్‌ల పక్కన చక్కగా ఆనుకుంటుంది.

అలా ఆనుకుంటే ఏమవుతుంది? 3, 4, 5 హెలిక్స్‌ల మీద, పన్నెండు అంచున ఒక చిన్న హైడ్రోఫోబిక్ గాడి తయారవుతుంది. దానికి ఒక వైపు లైసిన్ 362, ఇంకో వైపు పన్నెండులోని గ్లూటమేట్ 542. ఎస్‌ఆర్‌సి కుటుంబం లాంటి కోయాక్టివేటర్లలో (జీన్‌ని ఆన్ చేయడానికి తోడొచ్చే ప్రొటీన్లలో) ల్యూసిన్, ఏవైనా రెండు, మళ్లీ వరసగా రెండు ల్యూసిన్లు అనే చిన్న మోటిఫ్ ఉంటుంది, ఎల్ఎక్స్ఎక్స్ఎల్ఎల్ అని రాస్తారు, 1997లో గుర్తించారు. అది ఒక చిన్న హెలిక్స్‌గా మారి ల్యూసిన్లని గాడిలోకి దించుతుంది, దాని రెండు చివరలని ఆ లైసిన్, ఆ గ్లూటమేట్ చెరోవైపు పట్టుకుంటాయి. కోయాక్టివేటర్ వచ్చిందంటే హిస్టోన్లకి అసిటైల్ తగిలించే ఎంజైమ్‌లు వస్తాయి, జీన్ తెరుచుకుంటుంది.

ఇక టామాక్సిఫెన్. ముందు చిన్న పిట్టకథ, టామాక్సిఫెన్‌కి స్వతహాగా ఆ ఏ రింగ్ హైడ్రాక్సిల్ లేదు, లివర్‌లో సీవైపీ2డీ6 లాంటి ఎంజైమ్‌లు దాన్ని 4-హైడ్రాక్సీటామాక్సిఫెన్‌గా, ఎండాక్సిఫెన్‌గా మార్చాకే గట్టిగా పట్టుకుంటుంది, క్రిస్టల్‌లో ఉన్నది కూడా అదే రూపం. ఆ హైడ్రాక్సిల్ ఎస్ట్రాడయోల్‌లాగే 353, 394ల దగ్గరే కూర్చుంటుంది. తేడా అంతా దాని తోకలో ఉంది. డైమిథైల్‌అమినోఎథాక్సీ అని ఒక పొడుగు గొలుసు, దాని చివర నైట్రోజన్. ఆ తోకకి పాకెట్‌లో చోటు లేదు, 3, 11 హెలిక్స్‌ల మధ్య నుంచి బయటికి వచ్చేస్తుంది, చివరి నైట్రోజన్ ఆస్పార్టేట్ 351 దగ్గర ఆగుతుంది. సరిగ్గా అక్కడే కదా పన్నెండు వాలాల్సింది, తోక అడ్డుగా ఉంది కాబట్టి వాలలేదు. వాలలేక గాల్లో ఉండిపోతుందా అంటే అదీ కాదు, ఇక్కడే అసలు ట్విస్ట్. పన్నెండో హెలిక్స్‌లో 540 నుంచి 544 దాకా వరస చూడండి: ల్యూసిన్, ల్యూసిన్, గ్లూటమేట్, మెథియోనిన్, ల్యూసిన్. ఎక్కడో చూసినట్టు లేదూ? కోయాక్టివేటర్ మోటిఫ్‌కి దగ్గరి పోలిక. అందుకే అది నేరుగా వెళ్లి కోయాక్టివేటర్ కూర్చోవాల్సిన గాడిలో తనే కూర్చుంటుంది! సీటు ఖాళీ లేదు, కోయాక్టివేటర్‌కి దారి మూసుకుపోయింది. రలాక్సిఫెన్ కూడా ఇదే చేస్తుంది, తోక ఆకారం వేరు అంతే.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు ఆ తోక. పాకెట్ ఒకటే, లోపలి పట్టులూ చాలావరకు ఒకటే, బయటికి పొడుచుకొచ్చిన ఆ కొంచెం వల్లే ఫలితం తలకిందులు.

కానీ "టామాక్సిఫెన్ అంటే ఆఫ్" అని మాత్రం రాయకండి. రొమ్ము కణంలో ఆఫ్, గర్భసంచి లోపలి పొరలో మాత్రం కొంతవరకు ఆన్, అందుకే ఎండోమెట్రియల్ క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరుగుతుందని డాక్టర్లు చెప్తారు, మెనోపాజ్ దాటినవాళ్ల ఎముకల్లోనూ ఆన్ లాగే పనిచేసి మేలు చేస్తుంది. కారణం, టామాక్సిఫెన్ మూసింది లిగాండ్ డొమైన్‌లోని ఏఎఫ్-2 ఉపరితలాన్ని, అంటే ఆ గాడి ఉన్న చోటుని, ఒక్కదాన్నే. ముందు చెప్పానే, ఆకారం లేని ఏ/బి ముక్క, అందులో ఏఎఫ్-1 అని జీన్‌ని ఆన్ చేసే ఇంకో భాగం ఉంది, దాని జోలికి పోలేదు. ఏ కణంలో ఏఎఫ్-1 ఒక్కటే పని నడిపించగలదో, అంటే కోయాక్టివేటర్లు దండిగా ఉండి దానితో కలవగలిగే చోట, అక్కడ టామాక్సిఫెన్ సగం ఆన్. క్రిస్టల్ స్ట్రక్చర్లలో ఏ/బి ముక్క ఉండదు కాబట్టి ఈ సంగతి బొమ్మల్లో కనపడదు, బొమ్మ చూసి మందు మొత్తం అర్థమైపోయిందనుకోవడం ఈ ఫీల్డ్‌లో అందరికీ ఉన్న జబ్బు.

ఫుల్వెస్ట్రాంట్ అనే రొమ్ము క్యాన్సర్ మందు ఇంకో రకం. ఎస్ట్రాడయోల్ బొమ్మకే 7వ స్థానంలో బారెడు గొలుసు తగిలించినట్టు ఉంటుంది. ఈ కోవ అణువుతో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా స్ట్రక్చర్ చేస్తే ఆ గొలుసు గాడి దాకా పాకి పన్నెండుని ఎక్కడా కుదురుగా కూర్చోనివ్వలేదు. అలా చెదిరిన రిసెప్టర్‌ని కణం చెత్తలో వేసేస్తుంది, డీగ్రేడ్ అయిపోతుంది.

ఇదంతా పుస్తకాల సంగతి అనుకోకండి, పేషెంట్ల దగ్గర రోజూ ఎదురయ్యేది. అరోమటేజ్ ఇన్హిబిటర్లు వాడి ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని బాగా తగ్గించేస్తే, కొంతమందిలో ట్యూమర్ కొన్నాళ్లకి మళ్లీ పెరుగుతుంది. 2013లో సీక్వెన్స్ చేసి చూస్తే చాలావాటిలో మార్పులు లిగాండ్ డొమైన్‌లోనే, అందులోనూ పన్నెండో హెలిక్స్ మొదట్లో, టైరోసిన్ 537 సెరిన్ అవడం, ఆస్పార్టేట్ 538 గ్లైసిన్ అవడం. 537లో వచ్చిన ఆ సెరిన్ ఎవరితో హైడ్రోజన్ బాండ్ వేసుకుంటుందో తెలుసా, ఆస్పార్టేట్ 351తో, టామాక్సిఫెన్ నైట్రోజన్ ఆగిన చోటే. హార్మోన్ లేకపోయినా పన్నెండు యాక్టివ్ చోటులో ఆగిపోతుంది, ఇక మందులతో ఈస్ట్రోజెన్ తగ్గించి ఏం లాభం. ఈ మ్యుటేషన్లు ఉన్నవాళ్ల కోసమే ఎలసెస్ట్రాంట్ అనే నోటి మాత్రకి 2023 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

మిగతా కుటుంబంలో పాకెట్ ఎంత రకరకాలుగా ఉంటుందో రెండు ముక్కలు. నర్1 అనే ఆర్ఫన్‌లో మామూలు పాకెట్ ఉండాల్సిన చోటంతా దాని సొంత సైడ్ చెయిన్లే నిండిపోయాయి, ఖాళీయే లేదు. ఇంకో చివర పీఎక్స్ఆర్ అనే రిసెప్టర్, పాకెట్ 1100 క్యూబిక్ ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతుంది, ఏది పడితే అది పట్టుకుంటుంది, ఒకే మందు మూడు రకాలుగా తిరిగి కూర్చున్న స్ట్రక్చర్ కూడా ఉంది. మన టీబీ మందు రిఫాంపిసిన్ ఇందులోనే దూరి మందులని విరిచేసే సీవైపీ3ఏ4 లాంటి ఎంజైమ్‌లని పెంచేస్తుంది, గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవడం, హెచ్‌ఐవీకి వాడే డోల్యుటెగ్రావిర్ డోసు పెంచాల్సి రావడం దీనివల్లే.

పీపీఏఆర్ గామా గురించి చెప్పకపోతే హైదరాబాద్‌కి అన్యాయం చేసినట్టే. పాకెట్ పెద్దది, రోసిగ్లిటజోన్ అనే షుగర్ మందు అందులో సగం కూడా నింపదు, కానీ దాని తల భాగం హిస్టిడిన్ 323, 449లతో పాటు పన్నెండు మీదున్న టైరోసిన్ 473ని నేరుగా పట్టుకుంటుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో ముట్టుకోదు, ఇక్కడ ముట్టుకుంటుంది, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ మియాపూర్‌లో కనిపెట్టిన బాలాగ్లిటజోన్, రాగాగ్లిటజార్ ఈ రిసెప్టర్ కోసమే, 1990ల చివర్లో నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు. రాగాగ్లిటజార్ గామానే కాకుండా పీపీఏఆర్ ఆల్ఫాని కూడా కదిలిస్తుంది, 2002లో ఎలుకల మూత్రాశయంలో ట్యూమర్లు కనపడి ట్రయల్స్ ఆపేశారు. తర్వాత వచ్చినవాళ్లు టైరోసిన్ 473ని గట్టిగా పట్టుకోని పార్షియల్ అగోనిస్ట్‌ల (కొంతవరకే ఆన్ చేసే మందుల) వైపు మళ్లింది ఊరికే కాదు, పన్నెండుని పూర్తిగా బిగిస్తే షుగర్ తగ్గడంతో పాటు ఒంట్లో నీరు చేరడం, బరువు పెరగడం లాంటివన్నీ కలిసే వస్తాయి.

కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఒకటి: ప్రొటీన్ బొమ్మలు చూపించే పైమాల్‌లో 1ఈఆర్ఈ (ఎస్ట్రాడయోల్ స్ట్రక్చర్), 3ఈఆర్‌టీ (4-హైడ్రాక్సీటామాక్సిఫెన్‌ది) రెండూ తెరిచి సూపర్‌పోజ్ చేయండి, 3ఈఆర్‌డీ (డీఈఎస్‌ది) కూడా తెస్తే కోయాక్టివేటర్ పెప్టైడ్ ఎక్కడ కూర్చుందో కనపడుతుంది. 351, 353, 394, 524, 542 మాత్రం స్టిక్స్‌లో పెట్టి మిగతాది కార్టూన్‌లో ఉంచండి. టామాక్సిఫెన్‌తో ఉన్న పన్నెండు, 3ఈఆర్‌డీలోని పెప్టైడ్ ఒకదానిమీద ఒకటి పడడం మీ కళ్లతో మీరే చూడండి, నేను పైన రాసినదంతా అర నిమిషంలో ఎక్కుతుంది.

ఇక ప్యూరిఫికేషన్. డీఎన్‌ఏ డొమైన్ ఈ-కోలైలో బాగానే వస్తుంది, ప్రాణం మాత్రం జింక్‌లో ఉంది. లైసిస్ బఫర్‌లో అలవాటుగా ఈడీటీఏ వేసేస్తారు, వేశారంటే జింక్ ఊడి ప్రొటీన్ విప్పుకుపోతుంది, ప్రొటీయేజ్ ఇన్హిబిటర్ మాత్రలు కొనేటప్పుడు కూడా ఈడీటీఏ లేని రకమే అడగండి. ఇండక్షన్ అప్పుడు మీడియాలో 50 మైక్రోమోలార్ దాకా జింక్ క్లోరైడ్ వేసుకోండి. ఫాస్ఫేట్ బఫర్ వద్దు, జింక్‌తో అవక్షేపం వస్తుంది, ట్రిస్ లేదా హెపీస్ వాడండి. సిస్టీన్లు ఆక్సిడైజ్ కాకుండా రెడ్యూసింగ్ ఏజెంట్ తప్పనిసరి, కాకపోతే నికెల్ కాలమ్ ఎక్కించేటప్పుడు డీటీటీ ఎక్కువైతే కాలమ్ గోధుమ రంగుకి తిరుగుతుంది, టీసీఈపీ మేలు. ఇది డీఎన్‌ఏకి అతుక్కునే ప్రొటీనే కాబట్టి బ్యాక్టీరియా డీఎన్‌ఏని కూడా వెంటేసుకొస్తుంది, 260 రీడింగ్ 280 కన్నా ఎక్కువ వస్తుంటే అదే కారణం, ఉప్పు బాగా పెంచి కడగండి, తర్వాత హెపారిన్ కాలమ్ పెట్టుకోండి. సైజు 10 కిలోడాల్టన్లు అటూఇటూ కాబట్టి 10 శాతం జెల్ వేసి బ్యాండ్ లేదని కంగారు పడొద్దు, డైతో పాటే కిందికి జారిపోతుంది, 15 శాతం జెల్ లేదా ట్రైసిన్ జెల్ వేయండి.

లిగాండ్ డొమైన్ కూడా చేయమంటే దాని తలనొప్పి వేరు, లిగాండ్ లేకుండా అది ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది, కల్చర్‌లోనే లిగాండ్ వేసి 16, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా ఇండక్షన్ ఇస్తే కొంత నయం. ఏ రిసెప్టర్, ఏ వెక్టర్ ఇచ్చారో రాస్తే ఆ బఫర్ల వరకు విడిగా చెప్తాను.